తూటా తూకము

రెండేండ్ల కొకమారు మాఘ శుద్ధ పూర్ణిమ దగ్గరపడగానే మేడారపు టడవి జనసముద్రమగును. చిలుకలగుట్ట మీదినుండి సమ్మక్కను కుంకుమ భరిణె రూపమున గద్దెకు తెచ్చు సాయంకాలము, కోయ పూజారులు గుట్ట దిగుచుండగా జిల్లా పోలీసు అధికారి తుపాకి నెత్తి గాలిలోనికి పేల్చి వందనము చేయుట ఆచారము. ఆ చప్పుడు విన్నంతనే లక్షలాది గొంతు లొక్కమారు మ్రోగును. ఆ పేలుడునకు గురి లేదు. ఉండ నక్కరయు లేదు. అది దేవతకు చేసిన నమస్కారము. కాని అదే యడవిలో తక్కిన దినములందు ఒకప్పుడు పేలుచుండిన తుపాకులకు మాత్రము గురి కావలసియుండెను. ఆ గురి తప్పినప్పు డేమి జరిగెడిదో, దానిని కుదుర్చుటకు మా యింట రాత్రులు కూర్చుండి పడిన శ్రమ యెట్టిదో వ్రాయవలెనని యీ ప్రయత్నము. వేటను పొగడుట నాకు సమ్మతము గాదు. అయినను వేటగాని బల్లమీద గృహస్థులు చూడదగిన దొకటి కలదని నా నమ్మకము.

మేడారము చిరకాలము వరంగల్లు జిల్లాలోనిది. 2019 నుండి ములుగు జిల్లాకు చెందినది. తాడ్వాయి దాటినది మొదలు త్రోవకు ఇరుప్రక్కల టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు. 1953లో హైదరాబాదు ప్రభుత్వము ఏటూరునాగారము ప్రాంతపు టడవిని అభయారణ్యముగా ప్రకటించెను. మా పెదనాన్నగారి చేలు ఆ యెల్లకు వెలుపల, అడవి యంచున నుండెను. ఎల్ల యెచ్చటనో మనుష్యులకు తెలియును గాని అడవిపందులకు తెలియదు. జొన్నకంకి పాలుపోసికొను దినములలో ఒక్క రాత్రి మంద పడినచో కాపు కష్టమంతయు తెల్లవారుసరికి త్రొక్కుడై పోవును. కావున అచ్చటి రైతునకు తుపాకి విలాసవస్తువు గాదు, కావలికుక్కతో సమానము.

ఆ రోజులలో ఆ ప్రాంతమున తుపాకి యనగా నాటు తుపాకియే. గొట్టము మూతినుండి నల్లమందు పోసి, పీచు దట్టించి, సీసపు గుండో యినుప ముక్కలో వేసి, మరల పీచు దట్టించి, వెనుక టోపీ తొడిగి పేల్చునది. మందునకు కొలత యేది? అరచేయి. పెద్ద చేయి గలవాడు పోసిన మందెక్కువ. తొందరలో నున్నవాడు పోసిన మందు తక్కువ. వానకాలమున ఎంత పోసినను చెమ్మగిల్లి సగము మండదు. దానికి తోడు గొట్టము లోపలితట్టు నున్నగా నుండును. గుండు గోడలకు రాచుకొనుచు వచ్చి, ఏ ప్రక్క రాచుకొనెనో దానినిబట్టి ఒక తిరుగుడు పొంది, వెలువడగానే తనకు తోచిన దిక్కునకు వంగిపోవును. ముప్పది నలువది గజములు దాటిన తర్వాత గురి యనుమాట వేటగాని ధైర్యమునకే గాని గుండునకు చెల్లదు.

ఇంతటి కొలతలేనితనమును ఎదుట నుంచుకొనియు, గుండు తప్పినప్పుడు మనవారు వెదకిన కారణము లెట్టివి? పిల్లి యడ్డము వచ్చినది. బయలుదేరుచుండగా ఎవడో తుమ్మెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంటి యాడుది తుపాకిని తాకినది, లేక దాటినది. మా పెదనాన్నగారి యింటను ఈ కట్టడి యుండెను. తుపాకి వ్రేలాడు గోడకు చేరువగా చీపురు పట్టుకొని పోవుటకు పనిమనిషికి సైత మనుమతి లేదు. చేయి కొలిచిన మందునకు తప్పులేదట, చీర చెరగునకు తప్పుండెనట!

గుండు వంకర నడకకు శకునము కారణము గాదని లెక్కవేసి చూపినవారిలో మొదటివాడు బెంజమిన్ రాబిన్సు అను ఇంగ్లీషు గణితవేత్త. వ్రేలాడగట్టిన బరువైన దిమ్మను గుండుతో గొట్టి, అది ఎంత దూరము ఊగినదో కొలిచి గుండు వేగమును నిర్ణయించు పద్ధతిని ఆయన 1742లో ప్రకటించెను. గొట్టములోపల మెలితిరిగిన గాళ్ళు తీసినచో గుండు ఒకే తీరున, తన నడక చుట్టు తిరుగుచు తిన్నగా పోవునని కూడ ఆయన వివరించెను. ఆ గాళ్ళు గల తుపాకియే రైఫిలు. ఈ శాస్త్రవేత్త చివరిదినములు గడిపినది మన దక్షిణదేశముననే. తూర్పు ఇండియా కంపెనీవారు కోటలను బాగుచేయించుటకు ఆయనను పంపగా, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో నేనెక్కడను చూడలేదు.

1950వ దశకము చివర మా పెదనాన్నగారు లైసెన్సు పొంది, ఇషాపూరు కర్మాగారమున తయారైన .315 రైఫిలు నొకదానిని కొనిరి. ఊరంతయు వచ్చి చూచిపోయినది. ఇక గుండు తప్పు మాట లేదని అందరును అనుకొనిరి. అయినను తప్పినది.

ఆ సంవత్సరము చలికాలమున చేలో పడిన దుప్పి నొకదానిని పెదనాన్నగారు ప్రొద్దుగ్రుంకు వేళ కాల్చిరి. గుండు ప్రక్కలో తగులవలసినది వెనుక తొడను విరుగగొట్టెను. జంతువు మూడు కాళ్ళతో అడవిలో దూరెను. పెదనాన్నగారును ఇద్దరు కోయ కుఱ్ఱవాండ్రును నెత్తుటి జాడ పట్టుకొని చీకటిపడు వరకు పోయి, వాగుగడ్డన జాడ తప్పి తిరిగి వచ్చిరి. మఱునాటి యుదయము వారికి దొరకినది దుమ్ములగొండులు తినగా మిగిలిన కొమ్ములును, చర్మమును. పెదనాన్నగారు స్నానము చేసి వచ్చి పీటమీద కూర్చుండిరి. పెద్దమ్మ వడ్డింపలేదు. గుమ్మముకడ నిలిచి యిట్లనెను:

“తగలకుంటే పాపం లేదు. తగిలి చచ్చినా ఒక తీరు. తగిలి చావకుంటే దానికేం చెప్తరు?”

ఆ మాటకు ఆయన జవాబు చెప్పలేదని మా నాన్నగారు అనుచుండెడివారు. కాని వారము దిరుగకమునుపే ఇసుక నింపిన గోనెసంచిమీద రైఫిలు నానించి, నూరు గజముల దూరమున తెల్లకాగితము నంటించి ఐదు తూటాలు కాల్చి చూచిరి. అవి విస్తరిలో చెదరిన మెతుకులవలె నలుగడల పడెను. చేయి వణకినదేమో యని మఱునాడు మరల కాల్చిరి. అంతే. అప్పుడాయన మిగిలిన తూటాలలో కొన్నిటిని పట్టుకారుతో విప్పి, కంసాలివద్ద తెచ్చిన త్రాసులో మందు తూచిరి. ఒకే పెట్టెలోని తూటాలు రెండు సరిసమానముగా లేవు. ఆ పెట్టెమీది పేరు నాకు జ్ఞాపకమున్నను వ్రాయను; అది ఎన్ని గిడ్డంగులలో ఎన్ని యెండలు చూచి మా యింటికి చేరినదో యెవరెఱుగుదురు?

హైదరాబాదునందలి లైసెన్సు గల వర్తకునివద్దనుండి మందును, టోపీలను, గుండ్లను అనుమతి మేరకు తెప్పించి, కాల్చిన ఇత్తడి గొట్టములను దాచి, తూటాలను తామే నింపుకొనుట పెదనాన్నగారు అప్పుడు మొదలుపెట్టిరి.

రైఫిలు తూటాలో నాలుగు భాగములు. ఇత్తడి గొట్టము, దాని యడుగున దెబ్బ తగిలిన నిప్పు పుట్టించు టోపీ, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. మీట నొక్కగానే టోపీ మందును ముట్టించును. పుట్టిన వాయువు ఇత్తడిని గది గోడలకు అదిమి, వెనుకకు త్రోవ లేక గుండును ముందునకు తరుమును. పని ముగియగానే ఇత్తడి కొంచెము ముడుచుకొని వెలుపలికి వచ్చును. అట్లు ఒకమారు కాలిన గొట్టము ఆ తుపాకి గది ఆకారమును పొందియుండును, క్రొత్త చెప్పు కొన్నాళ్ళకు పాదము నెఱిగినట్లు. కావున మన రైఫిలులో కాలిన గొట్టము మన రైఫిలునకే మఱుమారు బాగుగా నమరును. పొరుగువాని తుపాకికి ఆ మేలు లేదు. కర్మాగారమువాడు చేయు తూటా ఆ కొలతకు చేసిన తుపాకు లన్నిటిలోను దూరవలెను గనుక, ఏ యొక్కదానికిని అచ్చముగా సరిపోవదు. చేతితో నింపుటలోని మొదటి లాభ మిదియే.

రెండవది మందు తూకము. దీనిని తెల్లవారు గ్రెయిను అను మానముతో తూతురు. ఏడువేల గ్రెయిను లొక పౌను. ఆ మాటకు గింజ యనియే అర్థము; పూర్వము వారు యవల గింజను ప్రమాణముగా గొనిరి. మన కంసాలికి గురివింద గింజ యెట్టిదో వారికి యవగింజ యట్టిది. గురివింద రమారమి రెండు గ్రెయినుల యెత్తు. మొదట పెదనాన్నగారికి సన్నని తూనికరాళ్ళు దొరకక, ఒకే యెత్తుగల గురివిందలను ఏరి పని గడిపిరి. తర్వాత పట్టణమునుండి ఇత్తడి రేకు తూనికలు తెప్పించిరి.

ఒక గ్రెయిను హెచ్చుతగ్గులతో ఏమి మునిగినదని చదువరు లడుగవచ్చును. గుండు సెకనుకు 2000 అడుగుల వేగముతో బయలుదేరినదనుకొందము. 200 గజములు, అనగా 600 అడుగులు పోవుటకు, గాలి యడ్డును లెక్కింపనిచో, సెకనులో పదింట మూడు వంతులు పట్టును. ఆలోపల గుండు 17 అంగుళములకు పైగా క్రిందికి జారును. ఇక మందు తగ్గి వేగము 1900 అడుగులే యైనచో ఆ జారుడు 19 అంగుళములు దాటును. వేటగాడు ఒకే చోట గురిపెట్టినను ఒక గుండు గుండెకు, మఱొకటి రెండంగుళముల క్రిందికి పోవును. అదియు తేడా ఒక్కటే యైనప్పటి మాట. దీనికి గొట్టపు కంపము తోడగును. గుండు దూసికొని పోవునప్పుడు ఇనుప గొట్టము మీటిన తంతివలె అదురును. ఆ యదురులో గొట్టపు మూతి పైకి లేచినప్పుడు గుండు వెడలెనా, క్రిందికి వంగినప్పుడు వెడలెనా యనుదానిపై దాని త్రోవ యాధారపడును. ప్రతి గుండును ఒకే వేగముతో, ఒకే క్షణమున వెడలినచో కంప మున్నను నష్టము లేదు. కంపమును మాన్ప నెవ్వరితరమును గాదు. అన్నిమార్లును ఒకే తీరున కంపించునట్లు మాత్రము చేయవచ్చును.

మూడవది గుండును ఎంత లోతుగా దిగవేయవలెనను విషయము. గుండు మూతికిని గాళ్ళు మొదలగు చోటికిని నడుమ నుండు ఎడము ప్రతి తూటాలోను సమానముగా నుండవలెను. గుండు ఇత్తడి మెడలో ఏటవాలుగా కూర్చుండరాదు. మెడ బిగువు ఒకదానిలో గట్టిగాను, ఒకదానిలో వదులుగాను ఉండరాదు. వీనిలో ఏది తప్పినను కాగితమే చెప్పును.

ఇక ఎండ సంగతి. ఇంగ్లీషువారు ఆ కాలపు తూటాలలో నింపుచుండిన కార్డైటు సేమియావలె పొడుగు పోగులుగా నుండును. చలిదేశమున సాధువుగా నుండు ఆ మందు ఎండదేశమున ఉగ్రమగును. వేడి యెక్కినకొలది లోపలి యొత్తిడి పెరుగును. అందుచేతనే ఉష్ణదేశములకు పంపు పెద్ద రైఫిళ్ళ తూటాలలో మందు తగ్గించి నింపు పద్ధతి యేర్పడెను. ములుగు ప్రాంతమున మే నెలలో నీడనే నలువది డిగ్రీలు దాటును. మాఘమాసమున కుదిరిన తూకము వైశాఖమున పనికిరాదని పెదనాన్నగారు కాగితము చూచియే గ్రహించిరి. వేసవిలో తూటాలను తడిగుడ్డ చుట్టిన మట్టికుండల నడుమ నుంచి పొలమునకు గొనిపోవుచుండిరి. చూచినవారు నవ్విరి. మజ్జిగ కాబోలు ననుకొనిరట.

ఏ మందు ఎంత యెత్తు పోయవలెనో యిచ్చట వ్రాయను. ఒక తుపాకికి కుదిరిన తూకము మఱొక తుపాకిని పగులగొట్టి చేతిని, కంటిని గొనిపోగలదు. పైగా నేడది అనుమతి లేనివా రెవ్వరును చేయదగిన పని గాదు.

ఆ బల్లమీద పెద్దమ్మ యెట్లు కూర్చుండినదో చెప్పవలెను. మొదట ఆమె దీపము పట్టుకొనుటకై వచ్చెను. మందున్న గదిలో దీప ముండరాదు గనుక లాంతరును కిటికీ యవతల అరుగుమీద నుంచి, దాని వెలుగు బల్లపై పడునట్లు సవరించు పని యామెది. పెదనాన్నగారి చేయి పొలపు చేయి; త్రాసు పళ్లెములో చిటికెడు మందు వేయబోయిన రెండు చిటికెలు పడును. తీయబోయిన మూడు చిటికెలు వచ్చును. ఒకనాడు విసిగి, “నువ్వు చూడు” అని త్రాసు నామె ముందునకు జరిపిరి. కుంకుమలో కలువు నూనె బొట్లను, పసిపిల్లలకు నూరు మందులను, పొయ్యిమీది ఉప్పును జీవితమంతయు చేతితో అంచనా గట్టిన మనిషి యామె. ముల్లు నడుమ నిలుచువరకు చూపుడు వ్రేలితో గరిటె నతి మెల్లగా తట్టుచు మందు జార్చెను. ఆ రాత్రి ఇరువది గొట్టములు నిండినవి. పెదనాన్నగారు వానిని వరుసగా చెక్క దిమ్మలో నిలిపి, టార్చిలైటుతో ఒక్కొక్కదానిలోనికి వంగి చూచిరి. రెండుమార్లు మందు పడిన గొట్ట మొక్కటి యున్నను ప్రాణాపాయము గనుక ఆ తనిఖీని ఆయన ఎన్నడును మానలేదు.

ఆడుదాని చేయి సోకిన మందు పేలునా యని ఇంటి ముసలమ్మ యొకతె గొణిగెను. ఆదివారమునాడు కాగిత మంటించిరి. పెద్దమ్మ తూచిన ఐదు తూటాలు చేసిన రంధ్రముల నన్నిటిని ఒక తమలపాకు కప్పివేసెను. ఆ కాగితమును పెదనాన్నగారు తుపాకి వ్రేలాడు గోడకు అంటించిరి. తర్వాత ఆ గోడను తుడువవద్దని ఎవరును ఎవరికిని చెప్పినట్లు లేదు. ముసలమ్మ మాత్రము తుదివరకు నమ్మలేదు. గుండ్లకు సమ్మక్క దయ కలిగినదనియే యామె వాదము.

పెదనాన్నగా రొక నోటుపుస్తకమున గీతలు గీసికొనిరి. తేదీ, మందు తూకము, ఎండ, గాలి, దూరము, కాల్చిన తూటాలు, తగిలిన చోటు. చివరి గడి పెద్దమ్మ అడిగి వేయించినది. దాని శీర్షిక “పారిపోయినవి”. మొదటి రెండు పుటలలో ఆ గడిలో అంకెలు కలవు. మూడవ పుటనుండి చాల దూరము సున్నలే. పిదప మరల అంకెలు కనిపించును. తూకము చెడినదా? కాదు. దూరపు గడిని చూచినచో సంగతి తెలియును. నూరు గజములలోపల కాల్చుచుండిన మనిషి, తూటా కుదిరినదన్న ధైర్యముతో నూటయేబదికి, రెండువందలకు పోసాగెను. తూకముచే సంపాదించినదంతయు దూరము తినివేసెను. ఈ మాట వేట గ్రంథములలో అరుదుగా కనిపించును. గురి బాగుపడిన తుపాకి మనిషి దురాశను కూడ బాగుగా మేపును. ఆ పుటలు పెద్దమ్మ చదువలేకపోయినను సున్నలకును ఒకట్లకును తేడా యెఱుగును. నూటయిరువది అడుగులు నడచి పొలపుగట్టున తానే ఒక రాయి పాతించెను. దానిని దాటిన జంతువును కాల్చరాదని నియమము. పెదనాన్నగారు గొణుగుకొనుచునే పాటించిరి.

గుండు విషయమున ఒక వింత. మూతియందు సీసము బయటపడిన మెత్తని గుండు తగులగానే పుట్టగొడుగువలె విచ్చుకొనును. కలకత్తా సమీపపు డమ్‌డమ్ ఆయుధశాలలో అట్టి గుండ్లను చేసినందున వానికా పేరే వచ్చెను. 1899లో హేగు నగరమున కూడిన రాజ్యములు యుద్ధమున మనుష్యులపై వానిని వాడరాదని నిర్ణయించినవి. వేటలో మాత్రము వానినే వాడవలెననుట దయగల వేటగాండ్ర మతము. ఏలయన గట్టి గుండు శరీరమున దూసికొని పోయి జంతువును గాయముతో పరుగెత్తించును. క్రూరమని ఒకచోట త్రోసివేసినదానినే మఱొకచోట కరుణయని పట్టుకొనవలసివచ్చినది.

ఈ నోటుపుస్తకము చూచిన కంటితో పెద్దల వేట ఛాయాచిత్రములను చూచినచో మనసు వేఱొక తీరున పోవును. 1902లో రాజప్రతినిధి కర్జను ప్రభువు వరంగల్లు జిల్లాలోని నెక్కొండ ప్రాంతమున వేటకు దిగినప్పుడు రాజా దీన్‌దయాళు తీసిన చిత్రము జగత్ప్రసిద్ధము. దొరయు, దొరసానియు నిలిచియుందురు. వారి ముందు పులి పడియుండును. చిత్రకళ కేమియు కొదవ లేదు. కాని అట్టి చిత్రములలో ఎన్నడైనను “పారిపోయినవి” అను గడి యుండునా? పడినదానికే అచ్చట చోటు. నెత్తుటి జాడ వెంట చీకటిలో నడిచిన కూలివాని ముఖమును ఏ కెమెరాయు వెదకలేదు.

కాలము మారినది. 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి మందుసామగ్రిని తయారుచేయుట నేరము. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991 సవరణతో వేటకు లైసెన్సు లిచ్చు పద్ధతియే తొలగిపోయెను. ప్రాణములకో పంటలకో ముప్పు కలిగినప్పుడు అధికారుల ప్రత్యేకానుమతితో తప్ప నేడు వన్యమృగమును చంపరాదు. పెదనాన్నగారు అంతకు మునుపే రైఫిలును ఠాణాలో నప్పగించి రసీదు తీసికొనిరి. ఈ చట్టము మంచిదనియే నా అభిప్రాయము. నా పెద్దమ్మ ప్రశ్నకు దీనికంటె సూటియైన జవాబు మఱియొకటి లేదు.

అయినను తుపాకి మౌనము వహించినంతమాత్రమున అడవి సురక్షితము కాలేదు. నేటి దొంగవేటగాడు గురి చూడడు. అసలు అచ్చట నుండడు. జంతువుల త్రోవకు అడ్డముగా ఇనుప తీగను సాగదీసి, మీది కరెంటు తీగకు కొక్కెము తగిలించి, ఇంటికి పోయి పండుకొనును. లేక ఉచ్చు పన్ని రేపు వచ్చి చూచును. ఆ తీగకు దుప్పియు ఒకటే, పశువుల కాపరియు ఒకటే. 2021లో ఈ తాడ్వాయి అడవులలోనే పులి యొకటి ఉచ్చునకు బలియై, దాని చర్మము పట్టుబడెను. 2024 ఫిబ్రవరిలో ప్రక్కనున్న జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపునకు పోయిన గ్రేహౌండ్సు దళపు కానిస్టేబు లొకడు, జంతువులకై పెట్టిన కరెంటు తీగ తగిలి ప్రాణము గోల్పోయెను. గుండు ఎవరికి తగులునో యని రాత్రులు మేల్కొని తూచిన బల్లకును, ఎవరికి తగిలినను సరియే యని పఱచిన తీగకును నడుమ నున్న దూరమును నేను గజములలో కొలువలేను. పంటను కాపాడుకొనుటకే తీగ పెట్టితిమని చెప్పు రైతుల కష్టము నేనెఱుగుదును; మా యింటి జొన్నచేను నేనును చూచితిని. అయినను ఆ సమాధానము ఆ కానిస్టేబు లింటివారి యెదుట చెప్పదగినది గాదు.

తూకపు విద్య మాత్రము మఱొకచోట బ్రతికియున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ప్రాంగణమున తుపాకి క్రీడకొఱకు కట్టిన రేంజి కలదు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యపతకము గెలిచెను. ఆ పోటీలో కాగితముపై పదవ వలయము అర మిల్లీమీటరు చుక్క. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలుతో పతకములు తెచ్చెను. తుపాకిని ఆడుది తాకరాదన్న ముసలమ్మ అది చూచుటకు లేదు.

మా మనుమరాలును ఈ క్రీడ నేర్చుకొనుచున్నది. ఎయిర్ రైఫిలులో మందు లేదు, టోపీ లేదు. ఒత్తిన గాలియు, పెల్లెటు అను సన్నని సీసపు గుండును మాత్రమే. కావున నింపుకొను పని లేదు. ఏరుకొను పని యున్నది. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని తల కొలతలు వేర్వేరుగా అమ్ముదురు. ఏది తన గొట్టమునకు సరిపోవునో కాగితముపై కాల్చి తెలిసికొని, ఆ దఫాలో చేసినవే డబ్బాలు కొని దాచుకొందురు. ఆమె పెల్లెట్లను ఎలక్ట్రానిక్ త్రాసులో తూచి, తేలికవానిని, బరువువానిని వేర్వేరు గిన్నెలలో వేయుచుండును. పెద్దమ్మ త్రాసు తెచ్చి యిచ్చితిని గాని అది ఆ తేడాలను పట్టలేదు. ముల్లు కదలనే లేదు. నోటుపుస్తకమును మాత్రము ఆమె ఆసక్తితో తిరుగవేసినది. తేదీ, వేడి, దఫా అంకె, పడిన చోటు అని తానును గడులు గీసికొన్నదట. చివరి గడి శీర్షిక చూచి ఇదేమని యడిగినది. చెప్పితిని. తన పుస్తకములో ఆ గడి అక్కరలేదని, కాగితము ఎక్కడికిని పారిపోదని అన్నది.